కడియం మామిడంటు, దాని టేపు కింద కథ

ఎవరైనా మొక్కల కోసం కడియం నర్సరీలకి వెళ్తున్నామంటే ముందు నేను చెప్పే మాట ఒక్కటే: మామిడంటు కొంటే, డబ్బులిచ్చే ముందు అంటు దగ్గర చుట్టిన టేపు విప్పించండి. మేం విప్పించలేదు. ముగ్గురం కలిసి 1,650 రూపాయలు పోగొట్టుకున్నాం.

విజయవాడలో మాదో మిద్దెతోటల బృందం. ఏటా ఫాల్గుణంలో ఎండలు ముదరకముందే ఒక రోజు ఎక్కడో ఒకచోటికి వెళ్లొస్తాం. ఈసారి 12 మందిమి. వ్యాను బాడుగ, టోలు, డ్రైవరు బేటా అన్నీ కలిపి 10,200, అంటే తలకి 850. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ, జొన్నాడ దగ్గర గౌతమి, గోదావరి పాయలు రెండూ దాటి ఏడున్నరకల్లా కడియపులంక పూల మార్కెట్‌లో దిగాం. బంతి, చామంతి, లిల్లీ గోనెల్లో, బుట్టల్లో గుట్టలుగా ఉన్నాయి. బేరాలు మాత్రం అప్పటికే సగం అయిపోయాయి. పూల కోసమే వెళ్లేవాళ్లు ఇంకా ముందు చేరుకోవాలి.

అసలు కథ హైవే పక్కన నర్సరీలో. ముందు వరసలో గులాబీలు, బోగన్‌విల్లాలు, రంగులు పూసిన కుండీలు. వెనక నడుమెత్తు మామిడి మొక్కలు, ఒక్కోదానికి నాలుగైదు ఎర్రటి లేత చిగుళ్లు. మాలో రిటైరైన లెక్కల మాష్టారొకరున్నారు, కూరగాయల బండి దగ్గర కూడా పావలా లెక్క వదలరు. ఆయనే ఆ చిగుళ్లు చూసి మెత్తబడిపోయారు. 650 చెప్పారు, 550కి దిగారు. “పక్కా బంగినపల్లి అంటు మొక్కండీ, ఆయ్, రెండో ఏడే కాయ కోస్తారు” అన్నాడు అమ్మేవాడు. మాష్టారొకటి, పిన్నిగారొకటి, నేనొకటి తీసుకున్నాం.

తర్వాత కాలవ గట్టు పట్టుకుని బుర్రిలంక వైపు లోపలికి వెళ్లాం. కడియం అంటే నిజంగా ఇదీ. ఒండ్రు నేల, గోదావరి కాలవ నీళ్లు, ఏ రాష్ట్రానికైనా లారీ ఎక్కించడానికి పక్కనే హైవే, ఈ మూడూ ఒకచోట కుదిరాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్లే లేకపోతే ఇన్ని ఊళ్లు మొక్కల మీద బతికేవా!

అక్కడో షెడ్డులో నలుగురు ఆడవాళ్లు పీటల మీద కూర్చుని అంటు కడుతున్నారు. టెంక నుంచి మొలిచిన మొక్కని జానెడెత్తున తెగ్గోసి, మధ్యకి చీల్చి, పెన్సిలంత లేత కొమ్మని కొస చెక్కి అందులో దూర్చి టేపు చుట్టడం, ఒక్కోదానికి నిమిషం కూడా పట్టలేదు. మేం నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం. పిన్నిగారు గొప్పగా వ్యానులోంచి తన మొక్క తెచ్చి చూపించారు. అంటు కడుతున్నవాళ్లలో ఓ పెద్దావిడ మొదలు తడిమి, గోటితో టేపు లాగేసింది. కింద నున్నటి బెరడు. కోత లేదు, అతుకు లేదు.

“ఇది టెంక మొక్కమ్మా. ఎంతకిచ్చారేంటి?”

ధర చెప్పడానికి పిన్నిగారికి నోరు రాలేదు. అక్కడ మోకాలెత్తు అసలైన అంటు 120 రూపాయలు.

మాష్టారి మొక్కా అంతే, నాదీ అంతే. వ్యాను వెనక్కి తిప్పించాం. రసీదు లేదు. “గేటు దాటాక మాకు సంబంధం లేదండీ” అన్నాడు, పొద్దున మా అందరికీ కొబ్బరి బోండాలు కొట్టించినవాడే. అరగంట వాదించాక మూడు క్రోటన్లు చేతిలో పెట్టి పంపేశాడు. అవీ జిగట మట్టి ముద్దలో ఉన్నాయి, ఇంటికొచ్చి మట్టి మార్చకపోతే వేరు కుళ్లిపోయేవి.

మాష్టారు ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నం ఓ చిన్న మెస్సులో ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించారు, భోజనం 120. రెండోసారి కూర అడిగినప్పుడే ఆయన గొంతు విన్నాం. ధరలో అంటుమొక్కతో సమానం అని పక్కనెవరో అంటే మళ్లీ మూతి బిగించారు. ఆ కూర కోసమైతే నేను మళ్లీ వెళ్తాను.

ఇంకో ఇబ్బంది కూడా చెప్పాలి. మేం తిరిగిన నర్సరీల్లో ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఒక్కచోటా లేదు. రెండుసార్లు పెట్రోలు బంకుకి పరుగెత్తాం. లక్షల మొక్కలు నిలబెట్టే జాగాలో ఒక గదికి చోటు ఉండదా?

ధవళేశ్వరంలో, ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర మ్యూజియం చూశాం, బాగుంది. ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం, పది 250. రాత్రి పదిన్నరకి ఇల్లు.

నా మొక్క చిగుళ్లు వారంలో వాడిపోయాయి. మాష్టారు తనది పార్కులో పాతి వచ్చారు. పిన్నిగారు మాత్రం నూజివీడులో తమ్ముడి తోటకి పంపించారు. టెంక మొక్క కదా, కాపుకి ఎనిమిదేళ్లయినా ఆగుతారట, తొలి కాపు పుల్లగా ఉంటే బుట్టెడు ఆ నర్సరీవాడికే పంపుతారట.