పాత షెవెల్‌కు "పూర్తి సస్పెన్షన్ కిట్" కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

తక్కువ ధరకు షెవర్లే షెవెల్ లాంటి పాత మజిల్ కార్ల (శక్తివంతమైన ఇంజిన్ ఉన్న అమెరికా కార్ల) సస్పెన్షన్ కిట్లు అమ్మే ఆ వ్యాపారి ఎవరో ఈ కార్లు నడిపేవాళ్లకు చెప్పనక్కర్లేదు. నల్లటి పౌడర్ పూత, ఎర్రటి బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే మెత్తటి తొడుగులు), "అన్నీ ఒకే పెట్టెలో, బోల్టులు బిగిస్తే చాలు" అనే ప్రకటన. కార్డు బ్యాంకు దగ్గర నా ఫిర్యాదు ఇంకా తేలలేదు, అందుకే పేరు రాయడం లేదు. మీలో ఎవరైనా ఆ కిట్‌కు డబ్బు కట్టబోతుంటే దయచేసి ఆగండి.

నాది 1970 షెవెల్, 350 స్మాల్ బ్లాక్ ఇంజిన్, అంటే తేలిక రకం. ముందు బుష్‌లన్నీ పగిలిపోయాయి. మలుపు తిరిగితే కారు ఒక పక్కకు ఒరిగిపోయేది, బ్రేకు వేస్తే ముక్కు కిందికి వాలేది. పేరున్న కంపెనీల భాగాలు విడివిడిగా కొనే స్తోమత లేక ఈ కిట్ తెప్పించాను. ముందు చక్రాలను ఛాసిస్‌కు కలిపే పై కంట్రోల్ ఆర్మ్‌లు, కారును ఒక అంగుళం దించే స్ప్రింగులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు, మలుపులో కారు ఒరగకుండా పట్టే ఒక స్వే బార్. వ్యాపారి వెబ్ పేజీలో స్ప్రింగుల పక్కన "స్మాల్ బ్లాక్ కార్లకు" అని స్పష్టంగా రాసి ఉంది.

అన్నీ బిగించి జాకీ దించితే ముక్కు కిందికి రాలేదు సరికదా, పాత స్ప్రింగుల మీద ఉన్నదానికంటే పైకి లేచి నిలబడింది. ముందు బంపర్ మీద నా బరువంతా వేసినా కదలలేదు. అలాగే నెమ్మదిగా అలైన్‌మెంట్ షాపుకు తీసుకెళ్లాను. అక్కడి పెద్దాయన లైటు పట్టుకుని చక్రం వెనక్కి తొంగి చూసి, కారును ముట్టుకోనన్నాడు. నన్ను వంగి చూడమన్నాడు. పై ఆర్మ్ పైపు బాల్ జాయింట్ (చక్రం వైపున ఉండే గుండు కీలు) పలకను కలిసేచోట వెల్డింగు చుట్టూ పూర్తిగా తిరగలేదు. లోపలి మూలలో ఆగిపోయింది. ఆ ఖాళీని పౌడర్ పూత కప్పేసింది. ఆయన గోరుతో గీకితే పూత పెచ్చుగా ఊడింది. కింద సన్నటి సందు కనిపించింది. బిల్లు కాగితం అంచు అందులో దూరింది.

ఇంటికి వచ్చి వ్యాపారికి ఫోన్ చేశాను. వెల్డింగు సంగతి చెబితే "అది పెయింటు గీత" అన్నాడు. కాగితం దూరిన ఫొటో పంపితే "పై ఆర్మ్ మీద బరువే పడదు, మీకు తెలియదు" అన్నాడు. కారు బరువు స్ప్రింగు ద్వారా కింది ఆర్మ్ మీదే పడుతుంది, నిజమే. మరి మలుపులోనూ, బ్రేకు వేసినప్పుడూ చక్రాన్ని నిలువుగా పట్టి ఉంచేది ఏది? పై ఆర్మే కదా. అది వదిలిందంటే చక్రం ఫెండర్ కింద పక్కకు వాలిపోతుంది. స్టీరింగు చేతిలో ఉండి కూడా ఏమీ చేయలేం. పక్క సీట్లో ఇంట్లోవాళ్లు ఉండవచ్చు. ఇవన్నీ తెలిసిన మనిషి అనాల్సిన మాటేనా అది?

స్ప్రింగుల మాట ఎత్తితే, నేనే తప్పుగా కూర్చోబెట్టానన్నాడు. ఈ కార్ల కింది ఆర్మ్‌లో స్ప్రింగు కూర్చునే గుంటలో రెండు రంధ్రాలు ఉంటాయి. స్ప్రింగు కొస ఒక రంధ్రాన్ని కప్పాలి, రెండోది పూర్తిగానో కొంతవరకో తెరిచి ఉండాలి. రెండు వైపులా సరిగ్గా అలాగే ఉన్నాయి, ఆ ఫొటోలూ పంపాను. వెర్నియర్‌తో స్ప్రింగు తీగ మందం కూడా కొలిచాను. స్ప్రింగు గట్టిదనం తీగ మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. మిగతా కొలతలు మారకపోయినా, తీగ 5 శాతం లావైతే చాలు, స్ప్రింగు 21 శాతానికి పైగా గట్టిపడుతుంది. ఆ మందం చూస్తే, నాకు పంపినవి 454 లాంటి బరువైన పెద్ద ఇంజిన్, అంటే బిగ్ బ్లాక్‌ను మోయడానికి చుట్టినవి. పెట్టెలు తారుమారు కావడం ఎవరి దగ్గరైనా జరుగుతుంది. మార్చి ఇస్తే అక్కడితో అయిపోయేది.

"మా పేజీలో బిగ్ బ్లాక్ అనే ఉంది, చదవకుండా కొంటే మేమేం చేస్తాం" అన్నాడు. అతని మాటలే అతనికి చదివి వినిపిద్దామని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే కంప్యూటర్‌లో ఆ పేజీ తెరిచాను. "బిగ్ బ్లాక్ కార్లకు" అని ఉంది. ఫొటో అదే, ధర అదే, ఆ ఒక్క మాట మారింది. నా ఫిర్యాదు అందాక వాక్యాన్ని మార్చి, తప్పు నా నెత్తిన రుద్దాడు. కొనేముందు సలహా కోసం ఒక స్నేహితుడికి పంపిన పాత పేజీ ఫొటో నా దగ్గర ఉందని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "యాభై ఏళ్లు దాటిన బండికి ఇంతకంటే ఏం కావాలి మీకు? బిగించిన సామాను వెనక్కి తీసుకోం" అని ఫోన్ పెట్టేశాడు. బిగించకుండా స్ప్రింగు ఏ ఎత్తులో నిలబడుతుందో ఎవరికి తెలుస్తుంది? ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. ఈ కార్లను ఇన్నేళ్లు కాపాడుకుంటూ వస్తున్న మనందరినీ అన్న మాట అది.

ఆ ఆర్మ్‌లు ఊడదీసి పక్కన పెట్టాను, పాతవాటికే కొత్త బుష్‌లు వేయిస్తున్నాను. డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు ముందు బుష్‌లు, బాల్ జాయింట్లు, స్టీరింగును చక్రాలకు కలిపే టై రాడ్ కొసలు, మంచి షాకులు చూసుకోండి. కంపెనీ ఇచ్చిన ఆర్మ్‌లు వంగకుండా, తుప్పు పట్టకుండా ఉంటే అవే చాలా గట్టివి. రబ్బరు బుష్‌ల బోల్టులు కారు తన బరువు మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి, గాలిలో వేలాడుతుండగా బిగిస్తే త్వరగా చిరిగిపోతాయి. అలైన్‌మెంట్‌కు పాత పుస్తకంలోని అంకెలు ఇవ్వకండి. అవి రేడియల్ టైర్లకు ముందునాటివి, క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలే కోణం) దాదాపు సున్నా దగ్గర ఉంటుంది. ఇప్పటి టైర్లకు పాజిటివ్ క్యాస్టర్ ఎక్కువ పెట్టమని అడగండి. వెనక కింది ఆర్మ్‌లు ఒక వైపు తెరిచి ఉన్న రకమైతే, ఆ వైపు పలక వేసి మంచి వెల్డర్ చేత మూయించడం చవకైన పని.

కిట్టే కొనాలనుకుంటే తీగ మందం, స్ప్రింగు రేటు, ఏ ఇంజిన్‌కో రాతపూర్వకంగా అడగండి. వెల్డింగు ఫొటోలు పూత వేయకముందు తీసినవి ఇమ్మనండి. పేజీ మొత్తం తేదీతో సహా దాచుకోండి, డబ్బు కార్డు మీదే కట్టండి. అదే కిట్ ఇప్పటికే బిగించుకున్నవాళ్లు ఉంటే ఇవాళే చక్రం విప్పి, బాల్ జాయింట్ పలక లోపలి మూల చూడండి. పూత మీద సన్నగా గీత కనిపిస్తే ఆ కారును రోడ్డు మీదికి తీయకండి.