‘అన్‌డిక్లేర్డ్‌గా దూరితే చాలు, సీఎస్ తర్వాత చూసుకోవచ్చు’ అనేవాళ్లకు డబ్బు కట్టకండి

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ (రెండేళ్ల కాలేజీ) నుంచి పెద్ద యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవ్వాలనుకునే పిల్లల తల్లిదండ్రులకు ఒక ప్యాకేజీ జోరుగా అమ్ముతున్నారు. ఇక్కడ బీటెక్ మొదటి ఏడాది చదువుతూ అక్కడికి మారదామనుకునేవాళ్లకూ అదే అమ్ముతున్నారు. "కంప్యూటర్ సైన్స్‌కి నేరుగా అప్లై చేస్తే రాదండీ. అన్‌డిక్లేర్డ్ అని పెట్టి ముందు లోపలికి వెళ్లనివ్వండి, ఒక టర్మ్ అయ్యాక మార్పించేద్దాం" అంటారు. అన్‌డిక్లేర్డ్ అంటే మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) ఏదో చెప్పకుండా చేరడం, టర్మ్ అంటే సెమిస్టరో క్వార్టరో. అప్లై చేసే యూనివర్సిటీలో ఆ మార్పుకు అసలు దారి ఉందో లేదో చూడకుండా అడ్వాన్స్ కట్టొద్దు.

ఈ మాట నమ్మబుద్ధి కావడానికి కారణం ఉంది. కొన్నిచోట్ల ఒకప్పుడు అది నిజమే. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) బర్క్‌లీ క్యాంపస్‌లో నిర్ణీత కోర్సుల్లో 4కి 3.3 జీపీఏ (మార్కుల సగటు) తెచ్చుకున్న లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీ విద్యార్థి సీఎస్ డిక్లేర్ చేసుకోగలిగేవాడు, అంటే తన మేజర్‌గా నమోదు చేసుకోగలిగేవాడు. 2023 ఫాల్ (ఆగస్టు-సెప్టెంబరులో మొదలయ్యే టర్మ్) నుంచి చేరుతున్నవాళ్లకు ఆ లెక్క పోయింది. అప్లికేషన్‌లోనే ఆ మేజర్‌కి సీటు తెచ్చుకోకపోతే తర్వాత మారడానికి జీపీఏ ఎంతున్నా హామీ లేదు. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో సీఎస్ నడిపే ఆలెన్ స్కూల్ కూడా వేరే మేజర్‌లో చేరి లోపలినుంచి మారే ఆశతో రావద్దనే చెబుతుంది. అక్కడ ట్రాన్స్‌ఫర్ విద్యార్థి సీఎస్‌కి బయటినుంచే, యూనివర్సిటీ అప్లికేషన్‌తోపాటు అప్లై చేసుకోవాలి. ఏజెంట్ చూపించే స్క్రీన్‌షాట్ ఏ ఏడాదిదో అడగండి. చాలావరకు పాతదే అయ్యుంటుంది.

ఫ్రెష్‌మన్‌గా (నేరుగా మొదటి ఏడాదిలో) అన్‌డిక్లేర్డ్ చేరడం వేరు, ట్రాన్స్‌ఫర్‌గా చేరడం వేరు. ఫ్రెష్‌మన్‌కి మేజర్ తేల్చుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్ల వ్యవధి ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి ఆ గడువు చాలావరకు కరిగిపోయాకే సీటు వస్తుంది. వాషింగ్టన్ లెక్కే చూడండి. రెండేళ్ల కాలేజీ నుంచి గరిష్ఠంగా 90 క్వార్టర్ క్రెడిట్లు తీసుకుంటారు (క్వార్టర్ అంటే దాదాపు మూడు నెలల టర్మ్, క్రెడిట్లంటే కోర్సు బరువుని బట్టి వచ్చే పాయింట్లు). 105 క్రెడిట్లు వచ్చేసరికి మేజర్ డిక్లేర్ చెయ్యాలి, లేదంటే కోర్సుల రిజిస్ట్రేషన్ ఆపేస్తూ హోల్డ్ పడుతుంది. ఒక క్వార్టర్‌కి మామూలు లోడు 15 క్రెడిట్లు. 90కి 15 కలిపితే ఎంత? మొదటి క్వార్టర్ మార్కులు వచ్చేనాటికే గడువు ముగిసిపోయిందన్నమాట. అడ్వైజర్‌ని బతిమాలి పొడిగింపు తెచ్చుకోవచ్చు. కానీ ఏ మేజర్ వైపు వెళ్తున్నావో చూపించమంటారు, ‘సీఎస్ కోసం చూస్తున్నా’ అంటే సరిపోదు. ఈ కూడిక ఏ బ్రోషర్‌లోనూ కనిపించదు.

రెండో దెబ్బ క్రెడిట్ల దగ్గర. క్రెడిట్లు వస్తాయి, జీపీఏ మాత్రం కొత్త యూనివర్సిటీలో సాధారణంగా సున్నా నుంచే మొదలవుతుంది. అంటే మేజర్ మార్పుకి చూసే జీపీఏ ఒకటి రెండు టర్మ్‌ల మీదే ఆధారపడుతుంది. పైగా పాత కాలేజీలో చదివిన ప్రోగ్రామింగ్ కోర్సు ఈక్వివలెన్సీ జాబితాలో (ఏ పాత కోర్సు ఏ కొత్త కోర్సుకి సమానమో చెప్పేది) అసలు కోర్సు నంబరుతో రాకుండా ‘1ఎక్స్‌ఎక్స్’ అని వచ్చిందనుకోండి, అది ఎలెక్టివ్‌గా మిగిలిపోతుంది. క్రెడిట్ల సంఖ్య పెరుగుతుంది, ప్రీరిక్విజిట్ (మేజర్‌కి ముందే చదవాల్సిన కోర్సు) మాత్రం తీరదు. సిలబస్, అసైన్‌మెంట్లు చూపించి డిపార్ట్‌మెంట్‌లో రివ్యూకి పెట్టుకోవచ్చు. అందుకే చదివిన ప్రతి కోర్సు సిలబస్ పీడీఎఫ్ దాచుకోవాలి. కాలేజీ వదిలేశాక అవి దొరకడం కష్టం. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీవాళ్లకు ఈ బాధ కొంత తక్కువ. ఏ కోర్సు ఏ మేజర్‌కి పనికొస్తుందో అసిస్ట్ వెబ్‌సైట్‌లో క్యాంపస్‌వారీగా ఉంటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఆ ప్రింటవుటే ‘పర్సనల్ ట్రాన్స్‌ఫర్ రోడ్‌మ్యాప్’ పేరుతో అమ్ముతున్నారు, అది వేరే సంగతి.

కాలిఫోర్నియాలో ‘టాగ్ ఉంది కదా, సీటు గ్యారంటీ’ అని కూడా అంటారు. టాగ్ అంటే కమ్యూనిటీ కాలేజీవాళ్లకు యూసీ క్యాంపస్ ముందే ఇచ్చే ట్రాన్స్‌ఫర్ సీటు హామీ. అది ఇచ్చేవి 6 క్యాంపస్‌లే: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియాగో ఇవ్వవు. ఇచ్చేచోట కూడా ఒక్క క్యాంపస్‌కే పెట్టుకోవాలి, సెప్టెంబరు 1 నుంచి 30 లోపు. అర్వైన్‌లో కంప్యూటర్ సైన్స్‌కి టాగ్ వర్తించదు. శాంటా బార్బరాలో ఇంజినీరింగ్ కాలేజీకే వర్తించదు, అక్కడి సీఎస్ దాని కిందే ఉంది. మరి ఆ రెండు చోట్లా గ్యారంటీ దేనికి? మీకు అక్కర్లేని మేజర్‌కి.

ఇక్కడ బీటెక్ చదివినవాళ్లకు ఇంకో ప్రమాదకరమైన సలహా ఇస్తారు: "జేఎన్‌టీయూ మార్కులు బాగోలేవు, ఆ ఏడాది చూపించొద్దు, ఫ్రెష్‌మన్‌గా పెడదాం." చదివిన ప్రతి కాలేజీ పేరూ చెప్పాలని అప్లికేషన్‌లోనే ఉంటుంది, కింద సంతకం మీ పిల్లవాడిది. దాచినట్టు తేలితే అడ్మిషన్ రద్దు చేస్తారు, చేరిన తర్వాతైనా సరే. ఏజెంట్‌కి పోయేదేమీ లేదు.

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు వీసా లెక్క కూడా చూసుకోవాలి. మేజర్ మారితే ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మార్పించాలి. అందులో మేజర్‌కి జనరల్ స్టడీస్ కోడ్ ఉంటే అది స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్) కిందకి రాదు, దానితో డిగ్రీ ముగిస్తే ఓపీటీకి (చదువయ్యాక పనిచేసే అనుమతి) 24 నెలల పొడిగింపు ఉండదు. సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) రిలీజ్ తేదీ, అంటే బదిలీకి పెట్టుకున్న తేదీ, దాటితే రికార్డు కొత్త యూనివర్సిటీకి వెళ్లిపోతుంది, పాత డీఎస్ఓ (కాలేజీలో వీసా వ్యవహారాలు చూసే అధికారి) చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి మేజర్ సంగతి తేలకుండా రిలీజ్ పెట్టించుకోవద్దు.

ఒప్పందం చదివేటప్పుడు ఒక్క వాక్యం వెతకండి. ‘అడ్మిషన్ రాకపోతే ఫీజు వాపసు’ అని ఉంటుంది. ఏ మేజర్‌లో అడ్మిషన్ అన్నది ఉండదు. అన్‌డిక్లేర్డ్‌గా ఆఫర్ లెటర్ వచ్చిన రోజే వాళ్ల పని పూర్తయినట్టు, మిగతా వాయిదా కట్టాల్సిందే. మేజర్ పేరు, డిగ్రీ పేరు ఆ వాక్యంలో చేర్చమనండి. చేర్చరు. అప్లికేషన్ ఖాతా కూడా వాళ్ల ఈమెయిల్‌తో తెరవనివ్వకండి. యూసీలో జనవరి చివరిలోపు ఫాల్ మార్కులు, స్ప్రింగ్ కోర్సులు అప్‌డేట్ చెయ్యాలి. ఆ రిమైండర్ వాళ్ల ఇన్‌బాక్స్‌లో పడి ఉంటే మీకు తెలిసేదెలా?

కట్టే ముందు చెయ్యాల్సిన పని ఒకటే, అదీ ఉచితం. డిపార్ట్‌మెంట్ అండర్‌గ్రాడ్యుయేట్ అడ్వైజింగ్‌కి పిల్లవాడే తన పేరుతో మెయిల్ రాయాలి: ‘ట్రాన్స్‌ఫర్‌గా అన్‌డిక్లేర్డ్ చేరినవాళ్లు ఈ మేజర్‌కి అప్లై చేసుకోవచ్చా, ఏ టర్మ్‌లో, ఎన్ని క్రెడిట్ల లోపు, ఏ కోర్సులు అక్కడే చదవాలి?’ అడ్మిషన్స్ ఆఫీసుకి రాస్తే సాధారణ జవాబే వస్తుంది, డిపార్ట్‌మెంట్‌కే రాయాలి.

ఇప్పటికే అన్‌డిక్లేర్డ్‌గా చేరిపోయినవాళ్లు సీఎస్ రాకపోతే తీసుకోవడానికి మొదటి వారంలోనే ఇంకో మేజర్ ఎంచుకోండి. వాషింగ్టన్‌లో ఇన్ఫర్మాటిక్స్‌కీ పోటీ గట్టిగానే ఉంది. స్టాటిస్టిక్స్, అప్లైడ్ అండ్ కంప్యుటేషనల్ మ్యాథ్ కూడా చూడండి. బోథెల్, టకోమా క్యాంపస్‌లలో కంప్యూటింగ్ డిగ్రీలు వేరుగా ఉన్నాయి, వాటికి వేరే అప్లికేషన్ పెట్టుకోవాలి. రెండు మేజర్లకూ పనికొచ్చే కోర్సులే మొదటి టర్మ్‌లో పెట్టుకోండి. కాల్క్యులస్, లీనియర్ ఆల్జీబ్రా దాదాపు అన్నిటికీ కలుస్తాయి. సీఎస్‌కి మాత్రమే పనికొచ్చే కోర్సు ఒకటికి మించి తీసుకోవద్దు.