అయస్కాంత పొరల్లో జీఎమ్‌ఆర్ మేలా, టీఎమ్‌ఆర్ మేలా?

రెండు అయస్కాంత పొరలు, వాటి నడుమ ఒకటి రెండు నానోమీటర్ల మందాన అయస్కాంతం కాని మరో పొర. పైనా కిందా ఉన్న పొరల అయస్కాంతీకరణ ఒకే దిశలో ఉంటే విద్యుత్ నిరోధం తక్కువ, ఎదురెదురుగా ఉంటే ఎక్కువ. నడిమి పొర రాగి, క్రోమియం వంటి లోహమైతే అది జీఎమ్‌ఆర్ (జెయింట్ మాగ్నెటోరెసిస్టెన్స్). మెగ్నీషియం ఆక్సైడ్ వంటి విద్యుద్బంధకమైతే ఎలక్ట్రాన్లు టన్నెలింగ్ ద్వారా, అంటే క్వాంటం పద్ధతిలో అడ్డులోంచి చొచ్చుకుని దాటాలి, అది టీఎమ్‌ఆర్ (టన్నెలింగ్ మాగ్నెటోరెసిస్టెన్స్).

నిరోధం ఎంత శాతం మారుతుందో చూస్తే పోటీయే లేదనిపిస్తుంది. కోబాల్ట్–ఇనుము–బోరాన్ పొరల మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పెట్టి 2008లో గది ఉష్ణోగ్రత వద్దే 604 శాతం సాధించారు. జీఎమ్‌ఆర్‌లో, 1988లో భౌతిక శాస్త్రవేత్త పీటర్ గ్రూన్‌బెర్గ్ బృందం ఇనుము–క్రోమియం–ఇనుము మూడు పొరల్లో గది ఉష్ణోగ్రత వద్ద చూసిన మార్పు 1.5 శాతమే. అయితే శాతాన్ని దేనితో భాగించి చెప్పారో ముందు చూడాలి. నిరోధం సగానికి పడితే, హెచ్చు విలువతో భాగించినవారికి అది 50 శాతం, తక్కువ విలువతో భాగించినవారికి 100 శాతం. టీఎమ్‌ఆర్ అంకెలు సాధారణంగా రెండో పద్ధతివి.

మెమరీ చిప్‌కైతే నా ఓటు నిస్సందేహంగా టీఎమ్‌ఆర్‌కే. చిప్‌లోని చిన్న గడిలో లోహపు పొరలకు అడ్డంగా కరెంటు పంపితే వచ్చే నిరోధం అత్యల్పం. పక్కనున్న ట్రాన్సిస్టర్ నిరోధం కిలోఓమ్‌లలో ఉంటుంది కనుక ఆ మార్పు దానిలో కలిసిపోతుంది. టన్నెల్ సంధి (టీఎమ్‌ఆర్ పొరల పేర్పు) నిరోధాన్ని మాత్రం ఆక్సైడ్ మందంతో మనకు కావలసిన చోటికి తేవచ్చు. కష్టమూ అక్కడే ఉంది. మెగ్నీషియం ఆక్సైడ్‌లో ఒక పరమాణు పొర మందం దాదాపు 0.2 నానోమీటర్లు. అదొక్కటి ఎక్కువైతే నిరోధం కొన్ని రెట్లు పెరుగుతుంది. ఎక్కడైనా సూదిమొనంత రంధ్రం మిగిలిందా, కరెంటంతా అటే పోతుంది.

బలహీన అయస్కాంత క్షేత్రాలను కొలిచే సెన్సర్ సంగతి వేరు. అక్కడ సంకేతం ఎంతన్నది సగం ప్రశ్నే, మిగతా సగం రొద, అంటే సంకేతంలో కలిసిపోయే అక్కర్లేని హెచ్చుతగ్గులు. ఎలక్ట్రాన్లు అడ్డును ఒక్కొక్కటిగా దాటడం వల్ల టీఎమ్‌ఆర్‌లో షాట్ రొద తప్పదు. ఆక్సైడ్ లోపాల్లో అవి చిక్కుకుని విడుదలవుతుంటే తక్కువ ఫ్రీక్వెన్సీల్లో రొద ఇంకా హెచ్చుతుంది. వోల్టేజి పెంచితే టీఎమ్‌ఆర్ శాతమే తగ్గుతుంది, మరీ పెంచితే ఆక్సైడ్ పొర శాశ్వతంగా దెబ్బతింటుంది. జీఎమ్‌ఆర్‌కు ఈ బెడదలు లేవు. కాబట్టి నెమ్మదిగా మారే క్షేత్రాన్ని కొలవాలంటే శాతాన్ని పక్కన పెట్టి, రొద ఎంతో అడగండి. బ్యాటరీ మీద ఏళ్ల తరబడి నడవాలంటే మాత్రం హెచ్చు నిరోధం గల టీఎమ్‌ఆరే నయం.

పాత ఏఎమ్‌ఆర్‌ను (అనైసోట్రోపిక్ మాగ్నెటోరెసిస్టెన్స్: కరెంటుకూ అయస్కాంతీకరణకూ మధ్య కోణాన్ని బట్టి నిరోధం మారడం) తీసిపారేయలేం. ఒకే పర్మల్లాయ్ (నికెల్–ఇనుము మిశ్రమలోహం) పొర, రెండు మూడు శాతం మార్పు, రొద తక్కువ. కానీ దాని సంకేతం 180 డిగ్రీలకోసారి పునరావృతమవుతుంది. పూర్తి చుట్టు తెలియాలంటే మిగతా రెండింటిలో ఒకటి కావాలి.

మొదటిసారి పొరలు పేర్చి కొలవబోయే విద్యార్థికి కోబాల్ట్–రాగి బహుళపొరలే నా సలహా. రాగి మందం సుమారు 0.9 నానోమీటర్ల దగ్గర కోబాల్ట్ పొరలు వాటంతటవే ఎదురెదురుగా నిలుస్తాయి. లితోగ్రఫీ (పొరలపై సూక్ష్మ ఆకృతులు చెక్కడం) అక్కర్లేదు, నాలుగు సూదులు ఆనించి కొలిస్తే చాలు.