రొయ్యల ఫ్యాక్టరీ నుంచి ఇంటిదాకా: నాలుగేళ్లు వాడిన వట్టివేరు అత్తరు

భీమవరం దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీలో, క్వాలిటీ విభాగంలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. మా దగ్గర అలంకారమంతా గేటు బయటే ఆగిపోవాలి. గాజులు, గోళ్ల రంగు, సెంటు, పూలు, ఏవీ లోపలికి రాకూడదు. తలకు నెట్, మూతికి మాస్క్, కాళ్లకు గమ్ బూట్లు, ఆపైన క్లోరిన్ నీళ్లలో చేతులు ముంచడం. సాయంత్రానికి క్లోరిన్, రొయ్య కలిసిన వాసనొకటి ఒంటికి పట్టేస్తుంది. కాబట్టి సెంటు నాకు సోకు కాదు, స్టాఫ్ బస్సులో పక్క సీటావిడ సమస్య.

మొదటి పదేళ్లూ బాడీ స్ప్రేలే వాడాను. బస్సెక్కే ముందు బుస్సుమని కొట్టుకోవడం, పాలకొల్లు వచ్చేసరికి సెంటు పోయి రొయ్య మిగలడం. మధ్యలో ఓ పావుగంట రెండూ కలిసి ఉంటాయి చూడండి, అది మరీ ఘోరం. స్ప్రేలో చాలాభాగం ఆల్కహాలే, మన ఎండకి ఇట్టే ఎగిరిపోతుంది. నీచు మాత్రం కడిగితేనే పోతుంది. ఆ వాసనకి కారణం అమీన్లనే పదార్థాలు. వాటికి క్షారగుణం, పులుపు తగిలితే ఎగరడం మానేస్తాయి. రొయ్యలు ఒలిచే ఆడవాళ్లకి ఈ కెమిస్ట్రీ ఎవరూ చెప్పలేదు గానీ, వాళ్ల సంచుల్లో నిమ్మచెక్క ఎప్పుడూ ఉంటుంది. నాకూ వాళ్లే నేర్పారు. ముందు నిమ్మచెక్క, తర్వాత సబ్బు, ఆ తర్వాతే ఏ సీసా అయినా.

ఈ అత్తరు 2021లో రాజమండ్రిలో కొన్నాను. 6 ఎం.ఎల్. రోలాన్ సీసా, 350 రూపాయలు. ఆల్కహాల్ ఉంటుందా అని అడిగితే, "చుక్క కూడా ఉండదండి, నూనేనండి" అంటూ కొట్టతను నేను వద్దంటున్నా ముంజేతికి రాసేశాడు. మొదటి ఇరవై నిమిషాలు నచ్చలేదు. ఎవరో బావి పూడిక తీసినట్టు మట్టి వాసన. రావులపాలెం దాటాక చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన మారిపోయింది. చిన్నప్పుడు మధ్యాహ్నం పూట కిటికీకి వట్టివేళ్ల తడక కట్టి నీళ్లు చల్లితే వచ్చేదే, అచ్చం అదే.

ఏడాదిపాటు మణికట్టుకీ మెడకీ రాశాను. శీతాకాలం బాగుండేది, మే నెలలో చెమటతోపాటు కారిపోయేది. అప్పుడు అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఒంటికి సెంటు రాసుకోగా నేనెప్పుడూ చూడలేదు. బావంచాలు, కచ్చూరాలు కలిపి పట్టించిన సున్నిపిండితో ఒళ్లు రుద్దుకునేది, అంతే. అసలు వాసనంతా జుట్టులోనూ బట్టల్లోనూ ఉండేది. తలంటుకున్నాక సాంబ్రాణి పొగ, జడలో మరువం, ట్రంకుపెట్టెలో చీరల మధ్య మొగలిరేకు. రేకు ఎండి గోధుమరంగు కాగితంలా అయిపోయినా పెట్టె మూత తీస్తే గదంతా తెలిసేది. అమ్మ దగ్గరికొచ్చేసరికి అది మైసూర్ శాండల్ సబ్బు ఖాళీ అట్టపెట్టె అయింది. వందేళ్లకు పైగా వస్తున్న సబ్బది, అట్టపెట్టెకే అంత వాసన. అమ్మ పాండ్స్ పౌడరు రాసుకునేది, మధ్యాహ్నానికి మెడ మీద తెల్లటి చారలు తేలేవి. ఫెయిర్ అండ్ లవ్లీ పేరు 2020లో మారిందన్నారు, అమ్మ నోట మాత్రం ఇంకా మారలేదు.

అప్పటినుంచీ నేనూ అత్తరుని గుడ్డకే రాస్తున్నాను. చిన్న దూది ఉండకి ఒక చుక్క రాసి చీరల బీరువాలో పెడతాను. బస్సుకైతే చేతిరుమాలు అంచుకి, జడ కొసకి. రుమాలు ఉతికి ఆరేశాక కూడా కాస్త మిగిలే ఉంటుంది. సీసా ఏడాదిపైనే వస్తుంది. ఇప్పుడు వాడుతున్నది మూడోది.

లోపాలు చెప్పాలి. తెల్లబట్ట మీద పడితే మరక పోదు, ఒక లేత రంగు జాకెట్టు అలాగే పాడైంది. సీసాకీ సీసాకీ వాసన ఒకేలా ఉండదు, రెండోది మొదటిదానంత బాగోలేదు. చలికాలం రోలాన్ గోళీ బిగుసుకుపోతుంది, వేడి గ్లాసుకి ఆనించి పెడితే కదులుతుంది. దొరికితే గాజుపుల్ల ఉన్న సీసా తీసుకోండి.

ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయికి ఇది నచ్చదు. "అమ్మా, నీ దగ్గర బీరువా వాసనొస్తోంది" అంటుంది. తనది వెనిలా బాడీ మిస్ట్. మే నెలలో మన వైపు వెనిలా అంటే కరిగిన ఐస్‌క్రీమే. తన అరలో సీరమ్, ప్రైమర్, లిప్ టింట్, ఇంకా నాకు పేర్లు తెలియనివి చాలా ఉన్నాయి. వాటిలో సన్‌స్క్రీన్ ఒక్కటే నేనూ వాడుతున్నాను, పనికొచ్చేది. రాజోలులో పెళ్లికెళ్తే తాళి కట్టే వేళకి దాని కళ్ల కింద నల్లగా కారింది, టెన్షన్‌తో సగం పెళ్లి బాత్‌రూమ్‌లోనే గడిపింది. అమ్మమ్మ కాటుకా కారేది. ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి, పట్టిన మసిని గీకి, నేతితో నూరి భరిణెకెత్తేది. అదీ చెంపల మీదికి దిగేది. కాకపోతే అప్పుడు దాన్ని ఎవరూ ఫొటో తీయలేదు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. మిగతా ఒకటిన్నర ఎవరికంటే, షిఫ్టు అయ్యాక మా గేటు దగ్గర కనిపించే పూలకి. ఒలుపు పనివాళ్లు పొద్దున్నే మల్లెదండ తడిగుడ్డలో చుట్టి, టిఫిన్ బాక్సు పైగిన్నెలో పెట్టి తెచ్చుకుంటారు. గేటు దాటగానే తల నెట్ లాగేసి, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుని, దండ తీసి జడలో తురుముకుంటారు. అలాంటి జడ పక్కన సీటు దొరికిన రోజు నేను నా సీసా మూత తీయను.