నూట పద్దెనిమిది పాస్‌వర్డ్‌లు, ఒక్క తాళం: కీపాస్‌ఎక్స్‌సీ వాడి చూశాక

పాలకొల్లులో జీఎస్టీ రిటర్నులు వేసే చిన్న ఆఫీసు నాది. రొయ్యల మేత షాపులు, కొబ్బరికాయల వ్యాపారులు, రెండు రైసు మిల్లులు నా క్లయింట్లు. వాళ్ల యూజర్ ఐడీలు, పాస్‌వర్డ్‌లు ఏళ్ల తరబడి క్రోమ్‌లోనే సేవ్ చేస్తూ వచ్చాను. లాగిన్ పేజీ తెరిస్తే చాంతాడంత జాబితా వచ్చేది.

మొన్న వేసవిలో కంప్యూటర్ మొరాయిస్తే రిపేరుకిచ్చాను. అడిగితే పిన్ కూడా చెప్పాను. డిస్క్ మార్చే ముందు అక్కడి కుర్రాడు నా మేలు కోరే, పాస్‌వర్డ్‌లన్నీ ఒక సీఎస్‌వీ ఫైలుగా (మామూలు అక్షరాల పట్టికగా) దింపి, తన ఫోన్ నుంచి నాకు వాట్సాప్‌లో పంపాడు. "మేడమ్, ఒక్కటీ పోలేదు, చూసుకోండి" అన్నాడు. తెరిచి చూస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. సైటు అడ్రసు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పక్కపక్కనే, ఎవరైనా చదివేలా ఉన్నాయి. క్రోమ్ దింపే ఫైలుకి తాళం ఉండదని అప్పుడే తెలిసింది. రెండు రోజులు కూర్చుని, అందరికీ ఫోన్లు చేసి చెప్పి, అన్నీ మార్చాను. మిల్లు పెద్దాయన ఒక్కమాటే అన్నారు: "పోన్లే అమ్మాయ్, ఇకమీదైనా గట్టిగా దాచు."

అందుకే కీపాస్‌ఎక్స్‌సీ అనే పాస్‌వర్డ్‌లు దాచే ప్రోగ్రామ్‌కి మారాను. ఉచితం, ఓపెన్ సోర్స్. పాస్‌వర్డ్‌లన్నీ నా కంప్యూటర్లోనే ఒక ఎన్‌క్రిప్ట్ చేసిన (తాళం వేసినట్టు, వేరేవాళ్లు చదవలేని) ఫైల్లో ఉంటాయి, ఏ కంపెనీ సర్వర్‌కీ వెళ్లవు. నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది.

ఈసారి ఎక్స్‌పోర్ట్ నేనే చేశాను. ఆఫీసు తలుపు వేసి, క్రోమ్ పాస్‌వర్డ్ మేనేజర్ సెట్టింగ్స్‌లోంచి ఫైలు దింపి, కీపాస్‌ఎక్స్‌సీలో ఇంపోర్ట్ నొక్కాను. ఏ కాలమ్ ఏమిటో మనమే చూపించాలి. మొదటిసారి యూజర్ నేమ్ ఉండాల్సిన చోట సైటు అడ్రసు పడింది. కింద ప్రివ్యూ కనిపిస్తుంది కాబట్టి అక్కడే దిద్దుకున్నాను. ఆ ప్రివ్యూలో పాస్‌వర్డ్‌లు కూడా బయటికే కనిపిస్తాయి, వెనక ఎవరూ లేకుండా చూసుకోండి.

ఆ ఫైలుని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. సున్నాతో మొదలయ్యే అంకెల పాస్‌వర్డ్ ఉంటే ఆ సున్నా ఎగిరిపోతుంది. నాకు ఒక మేత షాపు పాస్‌వర్డ్ అలాగే చెడింది, మళ్లీ మొదటినుంచీ దింపుకోవాల్సి వచ్చింది. పని అవగానే డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఫైలు తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. ఎక్స్‌పోర్ట్ చేసినంత మాత్రాన క్రోమ్‌లోవి పోవు, వాటిని విడిగా డిలీట్ చేయాలి. పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ అయ్యేవి) ఈ ఫైల్లో రావు, వాటి సంగతి చూసుకోకుండా క్రోమ్‌లో ఏదీ తుడిచేయొద్దు.

ఇప్పుడు మేత షాపులు ఒక గ్రూపు, కొబ్బరి ఒక గ్రూపు. పేరు వెతికి కంట్రోల్ సీ కొడితే పాస్‌వర్డ్ కాపీ అవుతుంది, పది సెకన్లలో క్లిప్‌బోర్డ్ నుంచి దానంతటదే పోతుంది. నెలనెలా రిటర్నులు వేసే ఇరవయ్యో తారీకు దగ్గర పడి, ఎదురుగా ముగ్గురు కూర్చుని ఉన్నప్పుడు కూడా నాకు టెన్షన్ లేదు.

ఆ ఫైలు మొత్తాన్ని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం తెరిచిపెట్టే నాథుడు లేడు, కస్టమర్ కేర్ ఉండదు. కాగితం మీద రాసి, మా వైపు వానాకాలం చెమ్మ తెలుసు కాబట్టి రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి బ్యాంకు లాకర్లో పెట్టాను. కీపాస్‌ఎక్స్‌సీ ఫైలు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో భీమవరంలో మా ఆడపడుచు దగ్గర ఉంది.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది ఫోన్ విషయంలో. ఆండ్రాయిడ్‌లో ఆ ఫైలు తెరవడానికి కీపాస్‌డీఎక్స్ అనే వేరే యాప్ వేసుకోవాలి. కంప్యూటర్లో కొత్త క్లయింటుని చేర్చినప్పుడల్లా ఫైలు మళ్లీ ఫోన్లోకి నేనే ఎక్కించుకోవాలి. పోయిన నెల మర్చిపోయాను, ఆచంటలో క్లయింటు షాపులో కూర్చుని, పాస్‌వర్డ్ కోసం ఆఫీసుకి తిరిగి రావాల్సి వచ్చింది.