బడికొచ్చి పక్కన కూర్చుని నేర్పిన మెంటర్ సర్వీస్: ఏడాది తర్వాత నా రివ్యూ

నేను ఎస్జీటీని (చిన్న తరగతులకి చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్), మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల. స్థాయిని బట్టి బోధించే పద్ధతి (ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లది, టీచింగ్ ఎట్ ది రైట్ లెవెల్, పొట్టిగా టార్ల్ అంటారు) మా బడిలో జరగాల్సినట్టు జరిగేలా సాయపడటానికి ఒక సంస్థ మెంటర్‌ని పంపింది. మండలానికి మెంటర్ ఒక్కరే, సంస్థ పేరు రాస్తే ఆయనెవరో తెలిసిపోతుంది, అందుకే రాయట్లేదు. ఐదుకి నాలుగు స్టార్లు.

పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్ని రోజూ ఒక గంట, ఏ తరగతి అన్నది పక్కనపెట్టి, ఎంతవరకు చదవగలరో చూసి గ్రూపులు చేస్తాం: అక్షరాలు రానివాళ్లు, వచ్చినవాళ్లు, పదాలు చదివేవాళ్లు, పేరా, కథ. వినడానికి ఇంతే. ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాం, కిట్ తెచ్చుకున్నాం, మూడో వారానికల్లా నేను మళ్లీ పాత దారిలోనే ఉన్నాను. సిలబస్ టెన్షన్, మధ్యాహ్న భోజనం లెక్కలు, తోటి టీచర్ సెలవు పెడితే ఐదు తరగతులూ నావే.

మెంటర్ మొదటిసారి వచ్చినప్పుడు తనిఖీ అనుకుని రిజిస్టర్లన్నీ తీసి టేబుల్ మీద పెట్టాను. ఆయన వాటి జోలికే పోలేదు, వెళ్లి పిల్లల మధ్య కింద కూర్చున్నారు. నేను గుణింతాల చార్ట్ చదివిస్తున్నాను, ఇరవై ఆరు మంది ఒకే గొంతుతో అంటుంటే క్లాసు బాగా నడుస్తోందనే అనుకున్నాను. అయ్యాక ఆయన ఐదో తరగతి బాబుని పిలిచి, చార్ట్‌లో "మె" మీద వేలుపెట్టి ఇదేంటి నాన్నా అన్నారు. వాడు మ, మా, మి, మీ అని మొదట్నుంచి అనుకుంటూ వచ్చి చెప్పాడు. అదే అక్షరం పలక మీద ఒంటరిగా రాసి చూపిస్తే చెప్పలేకపోయాడు. మూడేళ్లుగా నా దగ్గరే చదువుతున్న పిల్లాడు, నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆయన ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. మర్నాడు మళ్లీ వచ్చి ఆ గంట తనే తీసుకున్నారు. అక్షరాలు రాని తొమ్మిది మందిని గుండ్రంగా కూర్చోబెట్టి, ఎవరి చార్ట్ వాళ్ల ముందు పెట్టి, ఎవరి వేలు వాళ్లు అక్షరం కింద పెట్టి చదివేలా చేశారు. తర్వాత ఏది మార్చుకోవచ్చో, ఏది మార్చకూడదో విడదీసి చెప్పారు, నాకు అన్నిటికంటే పనికొచ్చింది అదే. కథలు, ఆటలు, టైమ్ ఉదయమా మధ్యాహ్నమా అన్నది మన ఇష్టం. రోజూ ఆ గంట తప్పకపోవడం, గ్రూపు స్థాయిని బట్టే ఉండటం, పిల్లాడికి వచ్చిన వెంటనే పై గ్రూపుకి పంపడం, ఈ మూడూ వదిలితే మిగతాదంతా చేసినా చేయనట్టే. నేను వదిలేసింది సరిగ్గా ఆ మూడే. ఐదో తరగతి బాబుకి మూడో తరగతి వాళ్లతో కూర్చోవాలంటే నామోషీగా ఉండేది, గ్రూపులకి వేప, మామిడి, చింత అని పేర్లు పెట్టమన్నారు. దసరా సెలవులకి ముందే వాడు పదాల్లోకి వెళ్లాడు.

ఇది మా ఒక్క బడి అనుభవం కాదు. బిహార్‌లో ఇదే పద్ధతికి టీచర్లకి ట్రైనింగ్, సామగ్రి మాత్రమే ఇచ్చిన బడుల్లో చదువు పెద్దగా మారలేదు. 2012-13లో హర్యానాలో పర్యవేక్షకులే ముందు 15-20 రోజులు పిల్లలకి పాఠం చెప్పి, ఆ తర్వాత టీచర్లకి నేర్పి, బడులకి వచ్చి పక్కనుండి చూశారు, అక్కడ పిల్లలకి హిందీ చదవడం మెరుగైంది. మా మెంటర్ కూడా చాలాకాలం పిల్లలకి చెప్పినాయనే, చాక్‌పీస్ పట్టుకున్న తీరులోనే తెలిసిపోతుంది.

ఇక తగ్గించిన ఆ ఒక్క స్టార్. సంక్రాంతి తర్వాత నెలకి రెండుసార్లు రావాల్సిన మనిషి ఒక్కసారి రావడం కూడా కష్టమైంది, ఆయన మీద ఇంకో మండలం వేశారట. వచ్చినప్పుడు కూడా యాప్‌లో పిల్లల వివరాలు ఎక్కించడానికే అరగంట పోయేది, మా ఊళ్లో సిగ్నల్ ఉండదు, ఫోన్ పట్టుకుని వరండా చివర నిలబడేవారు. ఆ అరగంట క్లాసులో ఉంటే ఎంత బాగుండేదో. లెక్కల గంటకైతే ఏడాది మొత్తంలో ఒక్కసారే కూర్చున్నారు, తీసివేతల్లో మా పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు.

మీ బడికి ఇలాంటి సర్వీస్ వస్తే తీసుకోండి. కానీ ఒప్పుకునే ముందు వచ్చే మనిషి పిల్లలకి ఎప్పుడైనా పాఠం చెప్పారా, మార్చి దాకా నెలకి ఎన్నిసార్లు వస్తారు, ఈ రెండూ అడిగి రాయించుకోండి. మేము రెండోది అడగలేదు.