కాంక్రీటులోని కడ్డీలకు తుప్పు పట్టకుండా: ఎపాక్సీ, జింకు, స్టెయిన్‌లెస్ స్టీలు – ఏది మేలు?

ఉక్కు కడ్డీకి మొదటి రక్షణ కాంక్రీటే. సిమెంటు తడిసినప్పుడు పుట్టే గాఢమైన క్షారగుణం (దాన్ని కొలిచే పీహెచ్ సాధారణంగా 12.5కు పైనే) నిలిచి ఉన్నంతకాలం కడ్డీ మీద కంటికి కనిపించని ఆక్సైడు పొర ఒకటి నిలిచి తుప్పును అడ్డుకుంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడు లోపలికి చేరి ఆ పీహెచ్‌ను 9కి దిగువకు దించినా, ఉప్పులోని క్లోరైడ్లు కడ్డీ దాకా వచ్చినా ఆ పొర చెడిపోతుంది. పుట్టిన తుప్పు అసలు ఉక్కు కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమించడంతో కాంక్రీటు బీటలు వారి పెచ్చులూడుతుంది. నీరు తక్కువగా కలిపిన కాంక్రీటు, సరిపడా కవరు (కడ్డీ మీద ఉండే కాంక్రీటు మందం), శ్రద్ధగా చేసిన క్యూరింగ్ (గట్టిపడేదాకా తడి ఆరకుండా చూడటం) ఉంటే మామూలు కట్టడాలకు అంతకు మించి అక్కర్లేదు. అవన్నీ ఉన్నా ఉప్పు బెడద తప్పని వంతెనలకు, రేవు కట్టడాలకే ఈ పోలిక.

ఎపాక్సీ అనే గట్టి రెసిన్ పూత కడ్డీకి, క్లోరైడ్లకు మధ్య కేవలం ఒక తెర. 1973లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక వంతెనతో మొదలైన ఈ పద్ధతి, అదే దేశంలోని ఫ్లోరిడా కీస్ దీవులను కలిపే సముద్రపు వంతెనల్లో పదేళ్లయినా తిరక్కుండానే బెడిసికొట్టింది. కారణం పూత స్వభావంలోనే ఉంది. కడ్డీలను కట్టే బైండింగ్ వైరు బిగించినప్పుడో, కాంక్రీటును కుదించే వైబ్రేటర్ సూది తగిలినప్పుడో గోరంత పూత లేచిపోయినా తుప్పు అక్కడ మొదలై, చుట్టూ బాగా కనిపిస్తున్న పూత కిందికి పాకుతుంది. పైగా నున్నని పూత వల్ల కాంక్రీటుతో పట్టు తగ్గుతుంది కనుక కడ్డీల అతుకు పొడవు (రెండు కడ్డీలు ఒకదాని పక్కన ఒకటి కలిసి సాగే మేర) పెంచాలి. ప్లాస్టిక్ తొడుగు వైరు, రబ్బరు తల వైబ్రేటరు వాడి, దెబ్బతిన్న ప్రతి చోటా మళ్లీ పూత వేయించగల పర్యవేక్షణ ఉంటేనే దీన్ని ఎంచుకోవాలి. అటువంటి పర్యవేక్షణ అరుదు.

సుమారు 450 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగిన జింకులో ముంచిన కడ్డీ ఈ విషయంలో ఓర్పుగలది. గీత పడినచోట చుట్టూ ఉన్న జింకు ముందుగా తానే అరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. కార్బన్ డయాక్సైడు వల్ల క్షారత తగ్గిన కాంక్రీటులోనూ అది నిలుస్తుంది. క్లోరైడ్లనూ మామూలు కడ్డీ కంటే ఎక్కువ మోతాదులో తట్టుకుంటుంది. అయితే అది అరిగేదే కాబట్టి, ఎడతెగని ఉప్పునీటిలో తుప్పును వాయిదా వేస్తుందే తప్ప శాశ్వతంగా ఆపదు. పూత వేశాక కడ్డీని బిగుతుగా వంచితే వంపు దగ్గర జింకు పగులుతుంది.

స్టెయిన్‌లెస్ స్టీలుకు పూతతో పనిలేదు. మెక్సికోలోని ప్రోగ్రెసో రేవులో 1940 ప్రాంతంలో ఈ కడ్డీలతో కట్టిన వారధి దశాబ్దాల పాటు సముద్రపు తాకిడిని తట్టుకుని నిలవగా, దాని పక్కనే మామూలు ఉక్కుతో తర్వాత కట్టినది శిథిలమైంది. ఖరీదే దీనికి ఉన్న అడ్డంకి. అందుకే కట్టడం మొత్తానికి కాక, అలలు చిమ్మే స్తంభాల భాగానికి, వంతెన అతుకుల దగ్గరికి మాత్రం దీన్ని వాడి, మిగతా చోట్ల మామూలు కడ్డీ వేయడం నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైన ఖర్చు. ఈ రెండు ఉక్కులు తాకితే మామూలుదానికి తుప్పు తొందరగా పడుతుందన్న భయం సాధారణంగా వినిపిస్తుంది గానీ, మంచి కాంక్రీటులో రెండింటికీ రక్షణ పొర నిలిచే ఉంటుంది కాబట్టి ఆ ముప్పు చాలా స్వల్పం.